నలభై ఒకటో ఆకు

ఒకానొక రాజ్యంలో జరిగిన సంగతి ఇది. ఏ రాజ్యమని మాత్రం అడక్కండి. నాకీ కథ చెప్పినవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ మూడు పేర్లు చెప్పారు. గొడవెందుకు, మనం పూసలవీడు అనుకుందాం. రాజుగారి పేరు మాత్రం ముగ్గురూ ఒకటే చెప్పారు, ప్రచండ మల్లభూపతి అని. అందుకే ఆ పేరు మీద నాకు కాస్త అనుమానం.

ఈ మల్లభూపతికి మీసాలు పెద్దవి, కోపం అంతకన్నా పెద్దది. ఆయన ముందు ఎప్పుడూ ముగ్గురు వందిమాగధులు నడిచేవాళ్ళు. ఆయన ఆవులిస్తే సింహం గర్జించిందనీ, తుమ్మితే మేఘం ఉరిమిందనీ ముగ్గురూ ఒకే గొంతుతో పాడేవాళ్ళు. అలాంటి మనిషి ఒక పెళ్ళికి వెళ్ళాడు. అక్కడ పొరుగున నల్లేటికి అవతల ఉన్న చిన్న దేశపు రాజు కూర్చున్న దిండు, తన దిండు కన్నా రెండు వేళ్ళు ఎత్తుగా కనిపించింది. భోజనం కూడా చెయ్యకుండా లేచి వచ్చేశాడు. వచ్చిన రోజు నుంచీ యుద్ధం, యుద్ధం అని ఒకటే పాట.

అయితే యుద్ధం చెయ్యడం ఎలాగో ఆయనకు తెలియదు. ఆయన తండ్రికీ తెలియదు. ముత్తాత ఆదిమల్లభూపతి ఒకప్పుడు ఆ నల్లేటి రేవులోనే అదే దేశపు సైన్యాన్ని ఎదిరించాడని మాత్రం అందరూ అనుకునేవాళ్ళు. ఎలా ఎదిరించాడో చెప్పేవాళ్ళు లేరు.

ఆస్థాన పండితుడు యజ్ఞేశ్వరావధాని ఆ పని తన నెత్తిన వేసుకున్నాడు. మూడు నెలలు దేశమంతా తిరిగి మూడు తాటాకు పుస్తకాలు పట్టుకొచ్చాడు. ఒకటి ఉత్తరాన మఠంలో దొరికింది, ఒకటి పడమట కోటలో, మరొకటి దక్షిణాన ఒక వర్తకుడి ఇంట్లో. మూడూ ఆదిమల్లభూపతి చరిత్రలే.

"మహాప్రభూ! మూడు దిక్కుల నుంచి ముగ్గురు సాక్షులు! మూడు పుస్తకాలూ అక్షరం పొల్లుపోకుండా ఒక్కలాగే ఉన్నాయి. ఇది సత్యం కాకపోతే లోకంలో సత్యమనేదే లేదు!" అన్నాడు అవధాని.

రాజుగారు పొంగిపోయాడు. "మల్లభూప విజయం" అని పేరు పెట్టి, అవధాని వ్యాఖ్యానంతో వంద ప్రతులు రాయించి ఊరూరా చావళ్ళలో చదివించమని ఆజ్ఞ ఇచ్చాడు.

ఆ పుస్తకంలో పట్టాభిషేకం ఘట్టం ఇలా ఉంటుంది: "అంతట మహారాజు సింహాసనము నధిష్ఠించెను. ఇచ్చట పిల్లి తొక్కెను. బ్రాహ్మణులు ఆశీర్వదించిరి." పిల్లి తొక్కడం సకల సంపదలకూ సూచన అని అవధాని దాని కింద మూడు ఆకుల వ్యాఖ్యానం రాశాడు. మర్నాటి నుంచీ కొలువులోకి ఒక తెల్లపిల్లిని తెచ్చి, రాజుగారు కూర్చోబోయే ముందు దాన్ని సింహాసనం మీద నడిపించడం మొదలుపెట్టారు. పిల్లికొక్కదానికే ఇదంతా అయోమయంగా ఉండేది. మిగిలిన కొలువుకు అంతా సవ్యంగానే కనిపించింది.

ఆ వంద ప్రతులు రాయడానికి పుస్తకశాలలో పది మంది వ్రాయసకాండ్రు కూర్చున్నారు. వాళ్ళలో పెద్దవాడు పేరయ్య. యాభై ఏళ్ళవాడు, వంగి వంగి రాసి నడుం వంగిపోయింది గాని నోరు మాత్రం వంగలేదు. తాత మాచయ్య కాలం నుంచీ వాళ్ళింట్లో ఇదే వృత్తి. వ్రాయసకాడికి ఒకటే నియమం. చూసింది చూసినట్టు రాయాలి. మూలంలో తప్పుంటే తప్పే రాయాలి. సొంతంగా ఒక్క అక్షరం చేర్చినా, తీసేసినా కుడిచేతి బొటనవేలు పోతుంది.

పేరయ్య గంటం పట్టుకుని నలభయ్యో ఆకు పూర్తిచేశాడు. "నల్లేటి రేవున శత్రుసైనికులు పన్నెండు వందల మంది ఎదురు కాగా, మహారాజు మీసము దువ్వి వారిని" అని అక్కడికి ఆకు అయిపోయింది. నలభై ఒకటో ఆకు తిప్పాడు.

"మూడు మార్లు కడిగి, పలుకు మిగులునట్లు ఉడికించి, గంజి వార్చి, వెడల్పాటి పళ్ళెరమున పరచి చల్లార్చవలెను. పసుపును నువ్వుల నూనెయు పట్టించవలెను. పిమ్మట చింతపండు గుజ్జు ఉడికించి పోసి, ఆవాలు, మిరియాలు, ఇంగువ, కరివేపాకు తాలింపు వేసి, మెల్లగా కలియబెట్టి, ఘడియసేపు మూత పెట్టి ఉంచినచో"

నలభై రెండో ఆకు: "అందరును కత్తులు పడవేసి, తలలు వంచి, వచ్చిన త్రోవనే మరలిరి."

పేరయ్య గంటం కింద పెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎన్నో యుద్ధాలు రాశాడు గాని, యుద్ధం రాస్తుంటే నోట్లో నీళ్ళూరడం ఇదే మొదలు.

లేచి వెళ్ళి అవధానిని అడిగాడు. "అవధానిగారూ, చిన్న సందేహం. ఇది యుద్ధమే అంటారా?"

"మరేమిటి?"

"నాకు నోరూరుతోంది."

"వీరరసం ఒక్కొక్కరికి ఒక్కోచోట పడుతుంది. నీకు నోట్లో పడింది. పోయి రాయవయ్యా! దీని పేరు తింత్రిణీ వ్యూహం, చింతపండు ప్రధానం. మూడు పుస్తకాల్లోనూ ఉంది."

పేరయ్య నవ్వుకుంటూ ఇంటికి పోయాడు. ఆ నవ్వు మర్నాటిదాకా నిలవలేదు. పొద్దున్నే దండోరా మోగింది. విజయదశమి నాడు రాజుగారు ముత్తాతగారి వ్యూహంతోనే నల్లేరు దాటి యుద్ధానికి వెళ్తున్నారు, ఇంటికొక మగవాడు రావాలి అని. దండోరా వేసేది అబద్ధం కాదని చూపించడానికా అన్నట్టు, వీధిలో నలభై పెద్ద వంట కొప్పెరలు బండ్ల మీద పోతున్నాయి. ఏటి ఒడ్డున పద్దెనిమిది మంది వడ్రంగులు మూత చేస్తున్నారు. పన్నెండు వందల మందికి సరిపోవాలి గదా మరి!

సేనాధిపతి దాదినాయుడు మంచి భోజనప్రియుడు. కొలువులో ఆ ఆకు చదివినప్పుడు రెండో మాటకే ఆయనకు అసలు సంగతి అర్థమైపోయింది. కాని రాజుగారి మీసం కేసి ఒకసారి చూసి, గుటక మింగి, "భేష్" అన్నాడు.

పేరయ్య నడుం చూసి అతన్ని వదిలేశారు. బదులుగా తమ్ముడు చెన్నుణ్ణి పట్టుకుపోయారు. చెన్నుడికి పెళ్ళయి మూడు నెలలే అయింది. తల్లిదండ్రులు పోయినప్పటి నుంచీ వాణ్ణి పెంచింది పేరయ్యే. సాయంత్రం వాడు సెలవు తీసుకోవడానికి వచ్చాడు.

"ఏ దళంలో వేశార్రా?" అన్నాడు పేరయ్య.

"తాలింపు దళం అన్నయ్యా. ముందు వరస. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో కరివేపాకు."

"మరి కత్తి?"

"ఇవ్వరట. పుస్తకంలో మనవాళ్ళ కత్తుల మాట లేదట."

"మీ దళంలో ఒక్కడికైనా అనుమానం రాలేదట్రా?"

"అందరికీ వచ్చిందన్నయ్యా. పులిహోరని తెలియనివాడెవడు? రాజుగారి ముత్తాత పులిహోరతోనే గెలిచాడేమో, మనకెందుకని ఊరుకున్నారు. ఎవరు చెబుతారు చెప్పు?"

వాడు నవ్వుతూనే అన్నాడు. లోపల వంటింట్లో వాడి పెళ్ళాం ఏడుపు ఆపుకోలేక ముక్కు చీదుతోంది. అవతలి దేశం చిన్నదే కావచ్చు, వాళ్ళ కత్తులు మాత్రం చిన్నవి కావు. వాటి ముందు ఈ పిల్లవాడు గరిటె పట్టుకుని నిలబడతాడు.

తమ్ముడు వెళ్ళాక పేరయ్య ఆ ఆకులో ఉన్నదంతా భార్య తిప్పాంబకు అప్పజెప్పాడు. ఆవిడ చేస్తున్న పని ఆపేసింది.

"ఏమండీ, ఇది మన బుచ్చమ్మగారి పులిహోర! ఘడియసేపు మూత పెట్టమనేది ఆవిడొక్కతే."

బుచ్చమ్మగారంటే పేరయ్య నాయనమ్మ. ఆవిడ వంటలన్నీ చెబుతుంటే తాత మాచయ్య తాటాకుల మీద రాసిపెట్టాడు. ఆ కట్ట ఇంకా వాళ్ళ వంటింట్లోనే ఉంది.

"అయితే మన కట్టలో కూడా ఇదే ఉందా?"

"ఎక్కడండీ? పులిహోరకు బియ్యం అనేదాకా ఉంటుంది. ఆ తర్వాత ఏనుగొస్తుంది."

"ఏనుగా?"

"అవునండీ. నేను కాపురానికొచ్చినప్పుడే అత్తయ్యగారు చెప్పారు, నలభై ఒకటో ఆకు వదిలెయ్యమ్మా అని. పులిహోర ఆవిడ చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. వంటింట్లోకి ఏనుగెందుకొచ్చిందని నేనెప్పుడూ అడగలేదు."

పేరయ్య ఒక్క ఉదుటున వంటింట్లోకి పోయి కట్ట విప్పాడు. నలభయ్యో ఆకు "పులిహోరకు బియ్యమును" అని ఆగింది. నలభై ఒకటో ఆకు "చూచి, ఏనుగుపై నుండి జారిపడి" అని మొదలైంది. పేరయ్య ఆ ఆకు చివరిదాకా చదివి అక్కడే పీట మీద కూలబడ్డాడు. తర్వాత అటకెక్కి తాతగారి పాత కట్టలన్నీ దించాడు. అడుగున దొరికింది అసలు పుస్తకం. ఆదిమల్లభూపతి చరిత్ర, తాత స్వయంగా రాసుకున్నది. ఆ రోజుల్లో ఆయన రాజుగారి వెంట రేవు దాకా వెళ్ళిన వ్రాయసకాడు. అందులో నలభై ఒకటో ఆకు పులిహోర.

జరిగిందేమిటో అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఎప్పుడో రెండు కట్టల తాళ్ళూ తెగి ఆకులు కలిసిపోయాయి. రెండూ ఒకే కొలత ఆకులు, రెంటి మీదా ఒకే చేతిరాత. అంకెలు చూసి సర్దారు. ఇక్కడి నలభై ఒకటి అక్కడికీ, అక్కడి నలభై ఒకటి ఇక్కడికీ పోయాయి. తాతగారి శిష్యులు ఆ పుస్తకం చూసే మూడు ప్రతులు రాసి మూడు దిక్కులకూ పంపారు. చూసింది చూసినట్టు రాశారు పాపం, నియమం తప్పలేదు!

పేరయ్యకు నవ్వు ఆగలేదు. తిప్పాంబ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ ఇద్దరూ ఒక్కసారే ఊరుకున్నారు.

"ఇది రాజుగారికి చూపిస్తే మీ తల ఉంటుందా?" అంది ఆవిడ.

"చూపించకపోతే చెన్నుడి తల ఉండదు" అన్నాడు పేరయ్య. "రేపు నువ్వూ నాతో కొలువుకు రావాలి. బాణలి తెచ్చుకో."

మర్నాడు పిల్లి సింహాసనం తొక్కింది, రాజుగారు కూర్చున్నారు, పేరయ్య ముందుకొచ్చి దండం పెట్టాడు.

"ఏలినవారు చిత్తగించాలి. ఇంత గొప్ప వ్యూహాన్ని ఒక్కసారి కూడా సాధన చెయ్యకుండా రంగంలోకి దిగడం భావ్యమా? శత్రుసైనికులు ఇప్పుడు మనకు దొరకరు. పన్నెండు వందల మందికి బదులు పన్నెండు సోలల బియ్యం ఇప్పించండి. గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు చేసి చూపిస్తాం. ఫలితమేమిటో ఏలినవారే తేల్చుకోవచ్చు."

"శభాష్! ఇంతమందిలో నీకొక్కడికే యుద్ధం మీద శ్రద్ధ ఉంది" అన్నాడు రాజు. అవధాని గర్వంగా పుస్తకం తీసి చదవడానికి నిలబడ్డాడు.

కొలువు ముందర ఆవరణలో తిప్పాంబ పొయ్యి వెలిగించింది. అవధాని గంభీరంగా ఒక్కొక్క వాక్యం చదువుతున్నాడు, ఆవిడ చేస్తోంది. "గంజి వార్చి!" వార్చింది. "పరచి చల్లార్చవలెను!" చల్లార్చింది. ఇంగువ నూనెలో పడేసరికి కొలువులో గుసగుసలు ఆగిపోయాయి. సేనాధిపతి దాదినాయుడు కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. "ఘడియసేపు మూత పెట్టి ఉంచినచో!" అని అవధాని ఆపాడు. ఆ ఘడియసేపు కొలువంతా ఆ మూత కేసే చూస్తూ కూర్చుంది. అంత శ్రద్ధ ఆ కొలువులో రాజుగారి ప్రసంగాలకు ఏనాడూ లేదు.

మూత తీశారు. వెండిపళ్ళెంలో పెట్టి రాజుగారికి అందించారు. ఆయన ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మారు వడ్డించమన్నాడు. మూడోసారి పళ్ళెం ఖాళీ చేశాక ఆయన ముఖంలో ఏదో తోచింది.

"ఇది పులిహోర!" అన్నాడు.

"ఏలినవారు కనిపెట్టారు. ఈ వ్యూహంతో శత్రువు ఓడతాడో లేదో గాని ఆకలితో మాత్రం పోడు" అన్నాడు పేరయ్య.

కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారి మీసం లేచింది. అవధాని ముఖం ఎర్రబడింది.

"మహాప్రభూ, ఇది కాకతాళీయం! ఒక వంట ఒక యుద్ధంలా ఉన్నంతమాత్రాన యుద్ధం వంట అవుతుందా? మూడు దిక్కుల మూడు గ్రంథాలు అక్షరం తేడా లేకుండా చెబుతున్నాయి. ముగ్గురు సాక్షుల ముందు ఈ గరిటె సాక్ష్యమేపాటిది?"

"నిజమే" అన్నాడు రాజు, మీసం దువ్వుతూ. "ముగ్గురు ఒకే మాట చెబితే అది నిజం. పేరయ్యా, నువ్వు మా వంశాన్ని ఎగతాళి చేస్తున్నావు. జవాబు చెప్పు, లేదా తమ్ముడి పక్కన నువ్వూ గరిటె పట్టుకో."

"చిత్తం. సాక్షుల సంగతి అడిగారు గనక, ఒక్క చిన్న విచారణకు సెలవివ్వండి. నిన్న దండోరా వేశాక ఏలినవారు ఊరేగింపుకు ఏనుగెక్కారు గదా. ఎలా ఎక్కారో చూసినవాళ్ళని అడుగుదాం."

ఎందుకో రాజుగారి చెయ్యి మీసం మీద ఆగిపోయింది. వద్దనడానికి మాత్రం కారణం కనిపించలేదు.

పేరయ్య మొదట ముగ్గురు వందిమాగధులను విడివిడిగా పిలిచి అడిగాడు. మొదటివాడు "సింహము గుట్టపైకి లంఘించినట్లు లంఘించిరి" అన్నాడు. రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడూ అదే, చివర దీర్ఘంతో సహా.

తర్వాత గొడుగు పట్టేవాణ్ణి పిలిచాడు. వాడు చేతులు కట్టుకుని, "నేను వెనక ఉన్నా సామీ. తలపాగా నా మీద పడింది. మూడో మెట్టు దగ్గర ఆగారు, అంతే చూశా" అన్నాడు.

వీధిలో పూలమ్మే ఎరుకలమ్మను పిలిచాడు. "నేను దూరాన్నుంచి చూశాను బాబూ. కింద నుంచి సేనాధిపతిగారు భుజం పెట్టి తోస్తున్నారు. దొరగారు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నారు, ఎంత భక్తో!" అంది.

చివరికి మావటివాడు వచ్చాడు. "నాకు ముఖం కనబళ్ళేదు దొరా. నేను ఏనుగు మెడ మీద ఉన్నా. నా నడుం మాత్రం ఎవరో గట్టిగా పట్టుకున్నారు. ఇదిగో, గోళ్ళ గాట్లు ఇంకా ఉన్నాయి" అన్నాడు.

కొలువులో కొందరు తలలు దించుకున్నారు. అయినా పేరయ్య ఆగలేదు.

"ఏలినవారు చిత్తగించాలి. మొదటి ముగ్గురూ ఒకే మాట చెప్పారు. తర్వాత ముగ్గురూ తలా ఒక మాట చెప్పారు. ఒకరు తలపాగా చూస్తే ఒకరు భుజం చూశారు, ఒకరు గోళ్ళు చూశారు. ఎవరు కళ్ళతో చూసి చెప్పారు, ఎవరు నేర్చుకుని చెప్పారు? ఆ సంగతి నేను చెప్పను. అవధానిగారూ చెప్పలేరు. నిన్న ఆ ఏనుగు మీద ఎవరున్నారో ఆయనకు తెలుసు. ఆయన పైకి చెప్పాలని కూడా నేను అడగను."

రాజుగారు మీసం మీంచి చెయ్యి తీశాడు. ముఖం కందగడ్డలా అయింది. "కానీ" అన్నాడు చివరికి, బొంగురుగా. "మనుషులు నేర్చుకుని చెబుతారు. పుస్తకాలకు ఎవరు నేర్పుతారు?"

"ఆ మాట పిల్లిని అడుగుదాం" అన్నాడు పేరయ్య.

అందరూ సింహాసనం పక్కన పడుకున్న తెల్లపిల్లి కేసి తిరిగారు. అది ఒళ్ళు విరుచుకుంది.

"పట్టాభిషేకంలో 'ఇచ్చట పిల్లి తొక్కెను' అని మూడు పుస్తకాల్లోనూ ఉంది. అవధానిగారూ, ఈ మూడూ వేరువేరు మనుషులు వేరువేరు చోట్ల తమకు తెలిసింది రాసుకున్నవే గదా?"

"సందేహమా!"

"అయితే మూడు చోట్లా మూడు పిల్లులు ఆలోచించుకుని సరిగ్గా ఆ మాటల మధ్యకే వచ్చాయా?" అని పేరయ్య సంచిలోంచి తాతగారి పుస్తకం తీశాడు. పన్నెండో ఆకు తిప్పి రాజుగారి ముందు పట్టుకున్నాడు.

తాటాకు మీద గంటంతో గీసి, అక్షరాలు కనబడ్డానికి మసి రాస్తారు గదా. ఆ మసి ఆరకముందే ఏదో నడిచినట్టుంది. ఆకు అంచున, నల్లగా, నాలుగు చిన్న వేళ్ళు, ఒక మెత్తటి మడమ. పక్కనే సన్నటి అక్షరాల్లో తాతగారు విసుక్కుంటూ రాసుకున్న ముక్క: "ఇచ్చట పిల్లి తొక్కెను."

"మా ఇంటి పిల్లి మహారాజా. దీన్ని చూసి రాసిన శిష్యులు అంచున ఉన్న ఆ ముక్కను కూడా లోపలికి లాగి రాసేశారు. వాళ్ళ పుస్తకాల్లో పిల్లి మాట ఉంది గాని పిల్లి అడుగు లేదు. దీంట్లో అడుగే ఉంది. మూడు పుస్తకాలూ దీని పిల్లలే. ముగ్గురు సాక్షులు కారు, ఒకే సాక్షి మూడుసార్లు మాట్లాడాడు. వాడి నోట్లోకి మా నాయనమ్మ పులిహోర వచ్చి పడింది."

అవధాని ఆ ఆకు తీసుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. మూడు ఆకుల వ్యాఖ్యానం గుర్తొచ్చి కాబోలు, దాన్ని మెల్లగా పేరయ్య చేతికే తిరిగి ఇచ్చేశాడు. మనిషి మంచివాడే, అబద్ధం ఎరగడు. చదివిందల్లా నమ్మడం ఒక్కటే ఆయనకు తెలిసిన తప్పు.

"మరి అసలు ఆకు ఏమైంది?" అన్నాడు రాజు. "మా ముత్తాతగారు ఆ రేవులో ఏం చేశారు?"

ఈ ప్రశ్న వస్తుందని పేరయ్యకు తెలుసు. "అది మా వంటల కట్టలో దొరికింది. ఏలినవారు ఒక్కరే చదువుకుంటే మంచిది" అని రెండు చేతులతో అందించాడు.

రాజుగారు చదవడం మొదలుపెట్టారు. ఆయన చదువుతున్నది ఇది: "చూచి, ఏనుగుపై నుండి జారిపడి, ప్రక్కనున్న చెరకు తోటలో దూరెను. రాజుగారికి చిన్ననాటి నుండియు ఏనుగన్న భయము, ఎవ్వరికిని చెప్పుకొనలేదు. మూడు దినములు చెరకు నమలుచు అచ్చటనే యుండెను. తలపాగా నేను మోసికొని వచ్చితిని. రాజు కనబడనందున మనవారు" అంతే. తర్వాతి ఆకులో ఏముందో రాజుగారికి ఇప్పుడు కంఠతా వచ్చు. అందరును కత్తులు పడవేసి, తలలు వంచి, వచ్చిన త్రోవనే మరలిరి.

మీసం కుడి కొస వణికింది. పేరయ్య కళ్ళు మూసుకుని చెన్నుణ్ణి తలుచుకున్నాడు.

"ఇది మాత్రం నిజమని ఎలా నమ్మను?" అన్నాడు రాజు చిన్నగా.

"మా తాత ఏలినవారి ముత్తాతగారి ఉప్పు తిని బతికినవాడు ప్రభూ. పొగిడితే కడియం దొరికేది, ఇది రాసినందుకు బొటనవేలు పోయి ఉండేది. రాజుగారు లంఘించారని రాస్తే నేనే నమ్మేవాణ్ణి కాను. తలపాగా నేను మోసుకొచ్చానని రాశాడంటే, మోసుకొచ్చే ఉంటాడు."

రాజుగారి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమోనని మంత్రులు కంగారుపడ్డారు. అంతలో ఆయన తల వెనక్కి వాల్చి పకపకా నవ్వాడు. ఆవలింతకు సింహాన్ని పిలిచే మాగధులు ఈ నవ్వుకు ఏం చెప్పాలో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ముత్తాతకు కూడానా!" అన్నాడు రాజు, కళ్ళు తుడుచుకుంటూ. "పేరయ్యా, నలభై ఏళ్ళుగా ఏనుగు నిచ్చెన చూస్తే నాకు కాళ్ళలో వణుకు. ఇంత వీరుల వంశంలో నేనొక్కణ్ణే ఇలా పుట్టానేమిటని ఎన్నిసార్లు సిగ్గుతో చచ్చానో నీకేం తెలుసు! ఆ వణుకు దాచుకోవడానికే ఈ మీసాలు, ఈ మాగధులు, ఈ యుద్ధం!" అని ఆ ఆకు తనే పైకి గట్టిగా చదివి వినిపించాడు. చెరకు నమిలిన చోటికి వచ్చేసరికి మళ్ళీ నవ్వు ఆపుకోలేక ఆకు దాదినాయుడి చేతికిచ్చి మిగతాది చదవమన్నాడు.

యుద్ధం రద్దయింది. దళాలన్నీ ఇళ్ళకు పొమ్మన్నారు. నలభై కొప్పెరల్లోనూ ఆ రోజు నిజంగానే పులిహోర కలిపి సైన్యానికంతటికీ పెట్టారు. దాదినాయుడు ఏటి ఒడ్డున ఆ పెద్ద మూత మీద కూర్చుని తిన్నాడు. పొరుగు రాజుకు ఒక గుండిగెడు పంపించారు. ఆ గుండిగ తిరిగి వచ్చేటప్పుడు దాంతోపాటు ఒక ఎత్తైన దిండు కూడా వచ్చింది.

రాజుగారు మెడలోని ముత్యాల హారం తీసి పేరయ్య మెడలో వేశాడు, పుస్తకశాలకు అధికారిని చేశాడు. "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"తాలింపు దళంలో ముందు వరసలో ఒకడున్నాడు ప్రభూ. వాణ్ణి ఈ పూటే ఇంటికి పంపించండి. వాడి పెళ్ళాం రెండు రోజులుగా అన్నం ముట్టలేదు" అన్నాడు పేరయ్య.

తర్వాత రాజుగారు ఒక పని చేశాడు. ఆ నలభై ఒకటో ఆకును తాతగారి పుస్తకంలో అసలు చోట పెట్టించి, గంటం తెమ్మన్నాడు. ఆయన ఏనాడూ గంటం పట్టినవాడు కాదు. నాలుక బయటపెట్టి, చెమట్లు కక్కుతూ, ఆకు అంచున వంకరటింకరగా ఒక ముక్క గీకాడు. అవధాని వంగి చూశాడు. "మాకునూ అంతే. ప్రచండ మల్లభూపతి."

అవధాని అప్పటికే పాఠం నేర్చుకున్నాడు. పేరయ్య కేసి తిరిగి, "ఇది నమ్మదగిందేనంటావా?" అన్నాడు.

పేరయ్య ఆకును వెలుతురులో పెట్టి చూశాడు. "రాసినవాడు కళ్ళారా చూసినవాడే. ఎవరో నేర్పితే రాసింది కాదు. రాసినందువల్ల ఆయనకు ఒరిగేది కూడా ఏమీ లేదు. అవధానిగారూ, ఇంతకన్నా గట్టి ముక్క ఈ పుస్తకంలో ఇంకోటి లేదు" అన్నాడు.

ఆ విజయదశమి నాడు పూసలవీడులో ఊరేగింపు ఘనంగా జరిగింది. రాజుగారు పల్లకీలో కూర్చుని, దారి పొడుగునా జనంతో కబుర్లు చెబుతూ వెళ్ళాడు. ఏనుగు వెనకాల, వీపు మీద ఎవరూ లేకుండా, హాయిగా చెరకు నములుతూ నడిచింది.